జీడితోటలో నిలబడ్డది

కాశీబుగ్గ హాల్లో ఆ రాత్రి
దెయ్యం కంటే ముందు జనరేటర్ అరిచింది.
అరవై రూపాయల భయం, పది రూపాయల మరమరాలు.
ఊర్వశి నా జబ్బ పట్టుకున్న చోట
ఐదు నల్లటి వేళ్ళ అచ్చు దిగింది.
జీడినూనె. సబ్బుకి పోదు.

ఇద్దరం ఒకే బట్టీలో పిక్కలు కొడతాం.
మా వేలిముద్రలు ఎప్పుడో ఆ నూనెలో కరిగిపోయాయి.
బియ్యం మిషను మీద వేలు పెడితే
మేము మేము కాదంటుంది.
"దెయ్యాలక్కూడా ముద్రలుండవటే" అని డీలరు నవ్వుతాడు.
అందుకేనేమో, తెరమీద తెల్లచీర
తలుపు తీసుకుని నడిచొస్తుంటే
హాలంతా కెవ్వుమంది గానీ
నాకు మాత్రం
ఆ పిల్లకి బియ్యం ఎవరిస్తున్నారో అనిపించింది.

ఆఖరి ఆటో వెళ్ళిపోయింది.
తొమ్మిదిమందిమి నడిచాం
జీడితోటల మధ్య ఇసకదారిన,
దండాసి మావ టార్చి వెలుతురికి వేలాడుతూ.
సినిమా ఇంకా ఒంట్లోంచి దిగలేదు.
కొబ్బరిమట్ట రాలితే ఎవరో ఆంజనేయుణ్ణి పిలిచారు,
ఇంకెవరో ఆ పిలిచినవాణ్ణి తిట్టారు.

అప్పుడు పనసచెట్టు కింద
అది లేచి నిలబడింది.

రెండు కాళ్ళ మీద.
మనిషి నిలబడ్డట్టే,
కానీ మనిషికుండే తొందర లేకుండా.
మావ టార్చి ఆరిపోయింది, లేదా ఆర్పేశాడు.
ఆ సంగతి ఇప్పటికీ తేలలేదు.
ఎనిమిదిమందిమి చూశాం.
కళ్ళు మూసుకున్న ఢిల్లేసు
మా అందరికంటే ఎక్కువ చూశాడు.

తెల్లారి టీకొట్టు దగ్గర అది ఆరడుగులు.
మధ్యాహ్నం బట్టీలో తొమ్మిది.
పొద్దుగూకి, బస్సెక్కి సోంపేట చేరేసరికి
దానికి కొమ్ములు, వీపున పసిబిడ్డ,
నోట్లో ఎవరిదో పేరు.

మర్నాడు అటవీశాఖ కుర్రాడు బండిమీద వచ్చి
ఇసకలో అడుగుని జేనవేసి కొలిచి
"ఎలుగు. పనసపండుకొచ్చింది. అంతే" అన్నాడు.
ఊరు ఊరంతా అతని మీద కోపం తెచ్చుకుంది.
మంచినీళ్ళు కూడా ఇవ్వలేదు.
ఇంత భయాన్ని పట్టుకుని
పనసతొన చేసేశాడని.
"ఎలుగైతే నాకు తెల్దేటి?" అని
గున్నమ్మప్ప చీపురు విసిరింది.

ఆ "అంతే" అనే మాట
మా నాయనకి మాత్రం ఎవరూ అనలేదు.
తెల్లకార్లలో వచ్చారు.
మా బోరు నీళ్ళు సీసాల్లో,
మా మట్టి సంచుల్లో,
నాయన నెత్తురు గొట్టాల్లో పట్టుకెళ్ళారు.
ఏం తాగుతాడు, ఏం తింటాడు,
ఎండలో ఎంతసేపుంటాడు, రాసుకున్నారు.
ఇన్ని ఇళ్ళల్లో ఎందుకొచ్చిందో
తెలీదమ్మా, చూస్తున్నాం అన్నారు.
కాయితం మీద క్రియాటినిన్ ఆరు.
రెండు నెలలకి తొమ్మిది.
దీనికి ఇంటర్వెల్ లేదు.

మంగళవారం, శుక్రవారం పలాసలో డయాలసిస్.
మిషను తిరుగుతుంటే నాయన
కళ్ళు తెరవకుండా అడుగుతాడు:
"అది మల్లీ అగుపడినాదేటే?"
ఆఁ, అంటాను.
"ఎలుగని సెప్పినారు గదే."
ఎలుగు కాదు నాయనా, అంటాను.
ఒకరోజు దాని కళ్ళ గురించి చెప్పాను.
ఆ శుక్రవారం దాని గొంతు.
పోయినవారం అది మా బట్టీ గోడకానుకుని
పిక్కలు ఒలుస్తూ కూర్చుందని,
దానికీ బియ్యం రావటం లేదని చెప్పాను.
నాయన పొట్ట కదిలేలా నవ్వాడు.
"కదలకు తాతా, సూది" అన్న నర్సు
తనూ కదలకుండా నిలబడి వింది.
పక్కమంచం కూర్మారావు, మాట్లాడి నెలైనవాడు,
గోడవైపు నుంచి ఇటు తిరిగి
"నాను సూసినాను దాన్ని. మా కవిటి తోటలో.
ఇంకా పొడుగు" అన్నాడు.

నిన్న రాత్రి ఒక్కదాన్నే వచ్చాను ఆ దారిన.
పనసచెట్టు దగ్గర ఆగి టార్చి ఆర్పేశాను.
మగ్గిన పండు వాసన.
దూరంగా సముద్రం దాని పని అది చేసుకుంటోంది.
శుక్రవారానికి చెప్పడానికి
నా దగ్గర ఏమీ మిగల్లేదు.

ఎండుటాకులు నలిగాయి, ఒక అడుగంత.
ఆగి,
ఇంకో అడుగంత.
టార్చి చేతిలోనే ఉంది.
వెయ్యలేదు.