మొగులప్ప పీజా

మెట్టుగడ్డ కాడ బస్సు మలుపుకొస్తే చాలు
నా తలకాయ దానంతటదే ఎడమ దిక్కు తిరుగుతది.
అక్కడిప్పుడు ఫోన్లకు అద్దాలతికించే దుకాణం.
లోపలి పిలగాడు నన్ను చూసి
గిరాకి అనుకుంటడు పాపం.

ఆ జాగల మొగులప్ప పొయ్యి ఉండె.

బొంబాయిల పన్నెండేండ్లు తట్టలు మోసి
నడుము పట్టేసినంక
ఒక పెద్ద ఓటలు వెనకాల గిన్నెలు తోముకుంట
పిండి తట్టుడు ఓరకంట నేర్చిండట.
కోస్గి బస్సు దిగినోళ్లు
చద్దర్లు తెచ్చిరి, టేపురికార్డర్లు తెచ్చిరి.
ఈయన తెచ్చింది చక్రమున్న కత్తి.
"కత్తికి చక్రమేందిరా, యాడికి పోతదది?" అని
వాళ్ల నాయిన అడిగిన మాట
మాకు వందసార్లు చెప్పి వందసార్లు నవ్వెటోడు.

బోర్డు రాసిన సాదిక్ పెయింటరు
మొగులప్ప పేరు పెద్దగ రాసి
పీ రాసి, జ రాసి,
దీర్ఘానికి జాగ సాలక
పక్క పిండిగిర్ని గోడ మీదికి గుంజిండు.
గిర్ని సాయన్న కొట్లాటకొచ్చి
ఒక ముక్క తిని, మూతి తుడ్సుకోని
"ఉండనీ తియ్" అన్నడు.
ఆనాటి సంది పిండి కూడ ఆయన దగ్గర్నే.

శనివారం పొద్దుమీకి
హాస్టలు నుంచి తొమ్మిదిమందిమి పోయెటోళ్లం.
తలా ఏడు రూపాయలు, కొన్నిసార్లు ఆరు,
జంగమ్మవి ఎప్పటికీ బాకీ.
సాసంటే ఉసేనమ్మ నూరిన టమాట తొక్కే,
ఎల్లిపాయ ఘాటు ముక్కుల నిలబడేది.
పెద్ద మిరపకాయలు అంగట్ల దొరకని వారం
దొండకాయ చక్రాలు పర్సెటోడు.
చీజు తుమ్మబంక లెక్క సాగుతుంటే
"ఇది తెగుతదా, మనల్నే కుట్టేస్తదా" అని తాయమ్మ.
కరెంటు పోతే కందిలి.
కందిలి ఎలుగుల మాడింది కనబడదని
మొగులప్పకు ధైర్నం.

ఎనిమిది ముక్కలు తొమ్మిదిమందికెట్ల?
ముందుగాల నడుమ ఒక గుండ్రం కోసెటోడు
గిన్నె మూతంత.
తర్వాత చుట్టూ ఎనిమిది.
ఆ నడిమిదాన్ని బొడ్డుముక్క అంటుంటిమి.
అంచులేనిది, మెత్తటిది,
ఉన్న చీజంత అక్కడికే జారేది.
వారానికొకరికి వంతు.
తలుపు ఎనక సుద్దముక్కతో లెక్క పెట్టేది ఉసేనమ్మ.
అచ్చరాలు రావు గనక
జంగమ్మకు జడ, షాహీన్‌కు చంద్రవంక,
నాకు కండ్లద్దాలు.

ఎందుకు మూసిండ్రో ఎవ్వరూ సక్కగ చెప్పలే.
చీటీల మునిగిండని ఒకరు,
ఉసేనమ్మకు గుండె బాగలేదని ఒకరు,
మళ్ల బొంబాయి బస్సెక్కిండని సాయన్న.
పరీక్షలని రెండు వారాలు పోలేదు మేము.
మూడో శనివారం పోతే తాళం.
ఆ వారం కండ్లద్దాల వంతు.

ఇప్పుడు ఇంటికే డబ్బల పెట్టుకోని తెస్తరు.
ఎనిమిది ముక్కలు, కొలబద్ద పెట్టి కోసినట్టు.
మా బిడ్డ అంచులన్ని డబ్బల వదిలేస్తది,
ఏరుకోని నేను తింట.
ఒకసారి నడుమ గుండ్రం కోసి చూపిద్దామని
కత్తి పట్టుకోని కూసున్న.
అప్పటికే కోసి ఉన్నయి కద.

మొన్న ముసురుల మెట్టుగడ్డ కాడ దిగిన.
గిర్ని గోడకు ఎన్ని సున్నాలు పడ్డయో ఏమో,
అయినా తడిసినప్పుడు
లోపల్నుంచి ఎర్రగ తేలుతుంది
ఆ దీర్ఘం,
ముందర అచ్చరం లేకుండ.
సాయన్న కొడుకు బయటికొచ్చి
"ఏం గావాలె అక్కా" అన్నడు.
జొన్నలు పట్టియ్యాలె అన్న.
చేతుల సంచి కూడ లేదు.