డెడ్ స్టాక్ రిజిస్టర్

మౌలాలి గుట్ట నీడ
సాయంత్రం నాలుగింటికి మా బడి గేటు దాకా వస్తుంది.
అప్పటికీ ట్యాంకర్ రాలేదంటే
ఇక రానట్టే.

పన్నెండేళ్ళ కిందట ఈ ఆవరణంతా మట్టి.
వాన పడితే తెల్ల యూనిఫాం మీద ఎర్ర చుక్కలు,
తల్లులొచ్చి నాతో తగువు.
సంతకాలు పోగేసి,
కార్పొరేటర్ ఇంటి ముందు మూడుసార్లు నిలబడి
సిమెంటు పోయించింది నేనే.
లెక్కల టీచర్ని కదా,
ఎన్ని బస్తాలు పడతాయో కూడా నేనే కట్టి చెప్పాను.
నూట ఎనభై ఆరు.
శాలువా కప్పారు.
అది ఇంకా బీరువాలో, కలరా ఉండల వాసనతో.

ఒక్క లెక్క మాత్రం వేయలేదు:
పడ్డ వాన ఎటు పోవాలి?

పన్నెండు వానాకాలాలు
గేటు కిందినుంచి, ఇరానీ హోటల్ మెట్లు తడుపుతూ
నాలాలోకి పోయాయి.
బోరు మొదట బురద కక్కింది,
తర్వాత గాలి,
తర్వాత ఏమీ లేదు.

పోయిన మార్చిలో ఎనిమిది బి ముజ్తబా లేచాడు:
"టీచర్, ఇంటికి పోయేటప్పుడు
బాటిల్‌ల మిగిలిన నీళ్ళు పారబోస్తం గదా,
అందరియి కలిపితే ఎన్నైతయ్?"
పుస్తకంలో లేని లెక్క. వెనక జవాబులూ లేవు.
ఆఖరి గంట కొట్టాక బకెట్లు పెట్టుకుని కూర్చున్నాం.
మూడు వందల తొంభై నాలుగు సీసాలు,
ఒక్కోదాంట్లో ఒకటో రెండో గుక్కలు.
నలభై ఒక్క లీటర్లు.
"ఎంగిలి నీళ్ళు, నా గిన్నెలకు ముట్టనియ్య"
అంది వంట సాయమ్మ.
అంటూనే తీసుకెళ్ళి కానుగ మొక్కకి పోసింది.
మర్నాటినుంచి బియ్యం కడిగిన నీళ్ళు కూడా
ఎవరూ చెప్పకుండానే అటే మోసింది.

జూన్‌లో పైనుంచి ఒక ఫ్లెక్సీ వచ్చింది, పన్నెండడుగులది.
ప్లాస్టిక్ వద్దని
ప్లాస్టిక్ మీదే రాసి ఉంది.
ఒకరోజు గోడకి కట్టి ఫోటో తీసి పంపాం.
మర్నాడు హిమజా వాళ్ళు దాన్ని నాలుగు మడతలేసి
కూరగాయ తొక్కల గుంత మీద కప్పారు.
అది చేసిన మంచిపని అదొక్కటే.

ఆ వారమే మళ్ళీ అర్జీ రాశాను, అదే చేతిరాతతో.
సిమెంటు తీయించుటకు అనుమతి కోరుచు.
హెడ్మాస్టర్ భూపతి గారు కళ్ళజోడు పైనుంచి చూశారు:
"వెయ్యమన్నదీ మీరే, తియ్యమన్నదీ మీరే."
"తప్పు పోయిన లెక్క సార్,
పిల్లల ముందే కొట్టేయాలి."

ఫర్హానా వాళ్ళ నాన్న రైల్వే గ్యాంగ్‌మన్.
ఆదివారం గడ్డపారతో వచ్చాడు.
పద్నాలుగు దెబ్బలకి కదలలేదు.
మేం అంత గట్టిగా పోయించాం మరి.
పదిహేనో దెబ్బకి పెచ్చు లేచింది.
కింద మట్టి పాలిపోయి ఉంది,
కట్టు విప్పిన చేతిమీద చర్మంలా.
అందులో ఒక ఆకుపచ్చ గోళీ.
ఎవడిదో, ఇప్పుడు ఏ ఊళ్ళో ఏం పని చేస్తున్నాడో.
నేను చూసేలోగా అది ఎవరి జేబులోకో పోయింది.

రిజిస్టర్లో గళ్ళు మూడే:
వచ్చింది, వాడింది, పాడైంది.
మూడో గడిలో రాశాను:
సిమెంటు, నలభై గజాలు.
కారణం అన్నచోట చాలాసేపు ఆగి
నా పేరు రాశాను.
ఆడిట్ వాళ్ళు ఏమంటారో చూడాలి.

మొన్న బుధవారం వాన.
మూడో పీరియడ్ ఎవరూ వినలేదు, నేనూ చెప్పలేదు.
అందరం వరండాలో.
నీళ్ళు గేటు దాకా వెళ్ళలేదు.
గుంత నిండడం, తగ్గడం, మళ్ళీ నిండడం.
భూమి గుటక వేసిన చప్పుడు విన్నానని
ముజ్తబా అమ్మతోడు వేశాడు.
బోరు మాత్రం ఇంకా ఏమీ అనలేదు.
ట్యాంకర్‌కి ఫోన్ చేస్తూనే ఉన్నాం.

ఈ పొద్దున గేటు దగ్గర ఒక తల్లి,
చేతిలో తెల్ల చొక్కా, మొహం నిండా కోపం.
ఎర్ర చుక్కలు దూరంనుంచే లెక్కపెట్టుకుంటూ
ఎదురెళ్ళాను.