పెరుగు పక్కన చలికాలం

షార్జా, అల్ నహదాల పదకొండో అంతస్తు.
ఏసీ కారుతున్నదని ఫోను చేసిన రోవెనా
పైపు బాగుచేసినంక టిప్పు ఇయ్యలే,
చాయ్ కప్పంత కుండీ ఒకటి చేతుల పెట్టింది.
మనీలా పోతున్నదట, ఇగ రాదట.
"దీనికి నల్లా నీళ్ళు విషం" అన్నది.
"నువ్వు రోజూ పారబోసే నీళ్ళే దీని పానం."

ఎనిమిదేండ్ల సంది
డ్రెయిన్ పైపుకు నోరు పెట్టి ఊదుతున్న.
ఆ నీళ్ళు కాళ్ళ మీద పడ్డయి, చొక్కా తడిపినయి,
ఎన్నడూ వాటి మొకం చూడలే.
మీటరు ముంచితే
నల్లాకు నూట తొంభై,
నా బకెట్‌కు ఆరు.
ఉప్పు లేదు, సున్నం లేదు.
గాలి చెమట, అంతే.

రోలాల మా రూముకు ఐదు మంచాలు, ఒక్క కిటికీ.
గట్టు మీది బాజన్న షేవింగు డబ్బా జరిపి
కుండీ పెట్టిన.
ఎరువు ఎయ్యొద్దు, ఎర్రమట్టి ఎయ్యొద్దు,
పీటు, పెర్లైటు, కింద పళ్ళెంల వేలెడు నీళ్ళు.
"పస్తులుంచితే బతికే చెట్టా?" అన్నడు ముత్తెన్న.
బురదల పుట్టింది అన్నా,
మన్నుల ఏం దొరకక
ఆకునే నోరు చేసుకున్నది.

మా బళ్ళె ఇది రెండు మార్కుల ప్రశ్న.
కీటకాహార మొక్క, బొమ్మ గీసి భాగములు గుర్తింపుము.
గుర్తించిన.
బొమ్మకు ఆకలైతదని సారు చెప్పలే.

రెండు దవడలు, అంచుకు రెప్పవెంట్రుకలు,
లోపల దవడకు మూడు సన్నటి పోగులు.
ఒకసారి ముట్టితే ఊకుంటది.
ఇరవై లెక్కపెట్టేలోపల మల్ల ముట్టితేనే
టప్పున మూస్తది.
ఏజెంటు ఒక్కసారి ఫోను చేస్తెనే
పాస్‌పోర్టు చేతుల పెట్టిన నాకంటె
తెలివైంది.

ఒక్కో నోటికి నాలుగైదు మూతలే రాసుంటయి,
వేలు పెట్టి ఆడుకోకుండ్రని మొత్తుకున్న.
ఎవరింటరు?
శుక్రవారం బాజన్న
చికెన్ సిక్స్టీఫైవ్ ముక్క తినిపించిండు.
మూడోనాటికి నల్లబడ్డది, వాసనొచ్చింది.
గోర్ల కత్తెరతోని ఆ ఆకు కోసేసిన.
బాజన్న రెండు దినాలు నా మొకం చూడలే.

ఈగ యాడ దొరుకుతది
అద్దాలు బిగించిన రూముల?
చేపల మార్కెట్ దాక పోయి
సీసాల పట్టుకొస్తుంటే కూలీలు నవ్విరి.
అప్పుడు ముత్తెన్న పరుపు ఎత్తి చూపిచ్చిండు.
నల్లా నీళ్ళు వద్దన్నది గని
నల్లి వద్దనలే కద, అన్నడు.

పట్టుకారతోని పెట్టినం.
అది నడిచింది, ఒక పోగు తాకింది,
ఐదుగురం ఊపిరి బిగబట్టి లెక్కపెట్టినం.
పదకొండు కాడ
ఇంకో పోగు.

ఎవరి రక్తం తాగి ఉన్నదో ఆ నల్లి!
ఇస్మాయిల్‌దో, నాదో,
నిన్ననే కరీంనగర్ నుంచి దిగిన పిలగానిదో.
పది రోజులకు నోరు తెరిస్తే
పొట్టు మిగిలింది.
కొత్త ఆకు లోపల ఎర్రగ వచ్చింది.
ఎరుపు ఎండతోని వస్తదని రోవెనా మెసేజు పెట్టింది.
బాజన్న నమ్మడు.

డిసెంబరు.
దీనికి మూన్నెల్లు చలికాలం కావాల్నట, లేకుంటె అలిసి చస్తదట.
షార్జాల చలికాలం యాడికెళ్ళి తేవాలె?
పొద్దంత ఊరికంత సల్లగాలి పంచేటోన్ని,
నాకే దొరకలే.
ఎండిన ఆకులు తీసి, దుంప కడిగి,
తడి టిష్యూల చుట్టి, టిఫిను డబ్బాల పెట్టి
ఫ్రిజ్‌ల అడుగు అరకు దించిన,
పెరుగుకూ ఆవకాయకూ నడుమ.
మూత మీద రాసిన:
తినేది కాదు. చచ్చింది కాదు.

రాత్రి రెండు కొట్టంగ డ్యూటీ నుంచి వచ్చి
నీళ్ళ సీసా కోసం ఫ్రిజ్ తీసిన.
నా అక్షరాల కింద
ముత్తెన్న వంకర రాత:
డోరు మెల్లగ ఎయ్యిండ్రి.