చదవనివి: 212

కార్డ్లాలో తపాలా కచేరీ మూసేశారు గానీ
సాల్మె అలవాటు మూతపడలేదు.
ముప్ఫై ఒక్క ఏళ్ళు ఉత్తరాలు వేరుచేసిన వేళ్ళు,
పొద్దున ఆరింటికల్లా దురద పెడతాయి.

మేనల్లుడు కలేవ్ ఓ నారింజరంగు గుర్తు చూపించాడు.
ఒక చుక్క, దాని భుజమ్మీద రెండు అలలు.
"ఇది నొక్కితే సైటే నీ గడప దగ్గరికొస్తుంది అత్తా,
నువ్వు పేరుపేరునా తలుపు తట్టక్కర్లేదు."
మోకాళ్ళు వెంటనే ఒప్పుకున్నాయి.

ఇప్పుడామెకి నలభై మూడు గూళ్ళు.
హెల్టర్మా రేవులో ఓడ ఎన్నింటికో,
సముద్రం గడ్డకట్టి కారుని మోసేంత మందమైందో లేదో,
నాచుకి తప్ప ఎవరికీ తలవంచని ఒక టీచరమ్మ,
రై రొట్టె పులుపు తగ్గిందని ఊరి మీద విరుచుకుపడే బేకరీవాడు.
ఇది చదివినవాళ్ళు అదీ చదివారంటూ
ఎవరూ చెవి కొరకరు.
వచ్చినవి వచ్చిన వరుసలో,
చివరికొస్తే చివరే:
"ఇంకేం లేవు" అని తెరమీద చిన్న అక్షరాలు.
సగం ఆ మాట కోసమే చదువుతుందామె.
పెట్టడం అయిపోయిందని చెప్పే మర్యాద
ఈ రోజుల్లో ఎవరికుంది?

అడుగు గూడు ఎండెల్‌ది.
మూహు దీవిలో పాత బారోమీటర్లు బాగుచేసే మనిషి.
ముఖం తెలీదు.
పాదరసం పోస్టులో పంపకూడదని ఒకసారి ఈమె రాసింది,
మర్నాటికి వాక్యం దిద్దుకున్నాడు,
పేరెత్తలేదు, థాంక్స్ చెప్పలేదు.
అంతే పరిచయం.

నాలుగేళ్ళుగా ఆ గూట్లో గాలి.
"తీసెయ్యనా?" అన్నాడు కలేవ్.
"చిరునామాదారు లేడని తిరిగి రాలేదుగా," అంది.

ఫిబ్రవరిలో ఒక మంగళవారం, ఇంకా తెల్లారకముందు,
అడుగు గూడు లావెక్కింది.
ఎండెల్. చదవనివి: 212.
పొయ్యిమీద కాఫీ పొంగి ఆరిపోయింది.

ఫోన్లో కలేవ్ ఆవులించాడు.
"ఏం కాదత్తా. సైటుని ఎవరో
వేరే సర్వరుకి మార్చుంటారు.
పాతవన్నీ కొత్తవనుకుని మళ్ళీ వచ్చాయి.
అన్నీ చదివినట్టు పెట్టెయ్, ఒకటే బటన్."

ఎవరో మార్చారు.
ఆ మాట దగ్గరే కూర్చుండిపోయింది సాల్మె.
అంటే ఎవరో అద్దె కడుతున్నారు.
ఎవరో ఇల్లు మారుతూ
రెండొందల పన్నెండు మూటలూ మోశారు,
ఒక్కటీ వీధిలో వదిలెయ్యకుండా.

బటన్ నొక్కలేదు.
కాఫీ తుడిచి, కళ్ళజోడు తుడిచి,
అట్టడుగు నుంచి మొదలుపెట్టింది:
"ఈరోజు ముల్లు పడిపోయింది.
వాన రావచ్చు. రాకపోనూవచ్చు."

బయట మంచు.

211.