ఇంటూ గుర్తు

నరసాపురం పాత కాగితాల కొట్లో
ఖాదర్ వలీ నాకోసం ఒక బిస్కెట్ డబ్బా పక్కన పెడతాడు.
మిగతావన్నీ కిలోల లెక్క,
బొమ్మ కార్డులకు మాత్రం నా మొహం చూసి ధర చెబుతాడు.
సంబరం దాచుకోవడం ఈ వయసుకీ చేతకాలేదు.

నాకు హోటళ్ళు కావాలి.
కొండ మీదివి, సరస్సు ఒడ్డువి,
సముద్రానికి ఎదురుగా పేము కుర్చీలు వేసుకు కూచున్నవి.
నేనెన్నడూ దిగని గదులు నూట నలభై మూడు కార్డుల నిండా
చెప్పుల పెట్టెల్లో ఉన్నాయి.
మా ఆవిడ వాటిని "మీ ఆస్తులు" అంటుంది.
దుమ్ము దులిపేటప్పుడు మాత్రం
ఊటీ హోటలు దగ్గర కాసేపు ఆగుతుంది.

ముప్పైరెండేళ్ళు రైలు పెట్టెలో నిలబడి
ఉత్తరాలు గూళ్ళలోకి విసిరినవాణ్ణి.
కవరుకి చొక్కా ఉంటుంది, ఇన్లాండుకి ఉత్తరీయమైనా ఉంటుంది,
కార్డు ఒక్కటే ఒంటి మీద నూలుపోగు లేకుండా వస్తుంది.
చదవకూడదని రూలు.
నిడదవోలు దాటాక, దీపం ఎంత మసగ్గా ఉన్నా
కళ్ళు రూలు వినేవి కావు.

మొన్న ముసుర్లో దొరికింది ఇది.
గోదావరి సముద్రంలో కలిసే చోట
రెండంతస్తుల హోటలు, సరుగుడు చెట్లు, మెట్ల దాకా నీళ్ళు,
ఒక తెరచాప పడవ, అందులో తెల్ల గొడుగు.
పై అంతస్తులో ఎడమ నుంచి మూడో కిటికీ మీద
ఎవరో సిరాతో ఇంటూ గుర్తు పెట్టారు.
వెనక ఫ్రెంచి. స్టాంపు లేదు.
ఏ గూట్లోనూ పడని ఉత్తరం.

యానాంలో కనకాల దైవసహాయం మేష్టారు
భూతద్దం తుడుచుకుని, కాఫీ చల్లారనిచ్చి, చదివారు:
"గుర్తు పెట్టింది మా గది.
దోమలు. రాత్రంతా నీటి చప్పుడు.
ఇక్కడి చేపకు ముళ్ళెక్కువ,
అందుకని భోజనం దగ్గర చాలాసేపు కూర్చుంటున్నాం.
మళ్ళీ మాట్లాడుకుంటున్నాం."
సంతకం చోటు చెమ్మ తినేసింది.
మేష్టారు ఒక మాట దగ్గర ఇంకోసారి భూతద్దం పెట్టి
"మళ్ళీ అనే ఉందండీ," అన్నారు.

సంగాడి పోలయ్య ఇంజను బోటు మాట్లాడుకున్నాను.
కార్డు ప్లాస్టిక్ కవర్లో, కవరు జేబులో, జేబు మీద చెయ్యి.
మడ చెట్లు దాటాక నీళ్ళు ఇటుకరంగు వదిలేశాయి.
హోటలంటే అతనికి తెలీదు.
"మా తాత నాటి నుంచీ వలలు చిరిగే చోటొకటుందండి,
కింద గోడున్నట్టు."
అక్కడ ఇంజను ఆపాడు.
ఏమీ లేదు. ఒక కొంగ కూడా లేదు.
లెక్క ప్రకారం మేము మిద్దె ఎత్తున తేలుతున్నాం,
మూడో కిటికీ నా చెప్పుల కింద ఎక్కడో.

పోలయ్య చేతులు లుంగీకి తుడుచుకుని కార్డు తీసుకున్నాడు.
చూసింది హోటల్ని కాదు, పడవని.
"చాప తప్పు కట్టాడండి ఈడు."
కాసేపాగి, "గదద్దె ఎంతుండేదండీ?"
"మూడు రూపాయలు. దోమతెర వేరే," అన్నాను,
తెలిసినట్టే.
"ఎక్కువేనండి," అని బోటు తిప్పాడు.

పాలకొల్లు చేరేసరికి రాత్రయింది.
బొమ్మిడాయిల పులుసు.
నాకు తొందరని ఆవిడ ఎప్పుడూ ముల్లు లేనివే వండుతుంది.
"రేపు ముళ్ళున్న చేప తెస్తాను," అన్నాను.
గరిటె గిన్నె మీదే ఆగింది.
"మీకంత ఓపికేదీ?" అంది.