ఒక బండ లేపి

మా వాకిట్లో మన్ను కనపడదు.
దస్తగిరి పాలిష్ ఫ్యాక్టరీలో పదహైదేండ్లు మిషన్ తోసినాడు.
మూల విరిగిన బండ, గీత పడిన బండ,
రంగు కుదరని బండ
షావుకారి వద్దన్నదల్లా మా ఇంట్లో పరుచుకున్నాం.
తాడిపత్రిలో పేదోళ్ళ ఇల్లు గూడా
నవాబు ఇంటి మాదిరి నున్నగుంటాది.
కాళ్ళు కాల్తాయి, అంతే.

ఆ పొద్దు గడారు తీసుకోని
నేనొక బండ లేపినా.
కింద చల్లగా, నల్లగా
ఎన్నేండ్లుగానో సందుల్లోంచి దిగిన
బియ్యం కడుగు వాసన.
ఒక తేలు నన్ను చూసి, నేను దాన్ని చూసి
ఇద్దరం రూంత జరిగినాం.

"ఏం పోగొట్టుకుంటివి మే, అట్ల తవ్వుతాండావు?"
గోడ మింద గడ్డం ఆనిచ్చి కుళ్ళాయమ్మ.
"రెండడుగుల మన్ను" అన్నా.
సాయంత్రానికి ఆమె ఎనుము పేడ
రెండు గంపలు గోడ దాటింది.

దానిమ్మకొక బండ, జామకొక బండ, చీనీకొక బండ లేపినా.
అంటు కట్టిన ముడి మన్నులో మునగగూడదంట,
మెడ దాకా నీళ్ళలో నిలబడిన పిల్లోల్ల మాదిరి
పైకే ఉండల్లంట.
ద్రాక్షకు మాత్రం ఓబుళేసు తోటలోంచి
పెన్సిలంత పుల్ల ఇచ్చినాడు, నాలుగు కణుపులది.
రెండు చీకట్లోకి, రెండు ఎండలోకి.

దస్తగిరి డ్యూటీ దిగి వచ్చినాడు,
కంటి రెప్పల మింద గూడా తెల్ల దుమ్ము.
లేసిపోయిన బండల్ని లెక్కబెట్టినాడు.
ఒక్క మాట అనలేదు.
మూడో దినం ఆటోలో
ఆరు రాతి కూసాలు దింపించి
"కట్టెలు మోయలేవు దాన్ని" అన్నాడు.

చీనీ బతకలేదు.
ఎండాకాలంలో ఆకు పసుపయ్యి, పుల్లయ్యి, పొయ్యిలోకి పోయింది.
ఆ గుంతలో మా కోడి పండుకోను మరిగింది.
బండ తిరిగి మూయడానికి
ఇద్దరికీ చేతులు రాలేదు.

రెండో ఏటికి తీగ కూసాలెక్కి
వాకిలంతా కప్పింది.
మూడు దినాలకొకసారి వచ్చే కొళాయి నీళ్ళల్లో
మేము తాగంగా, వండంగా, తానాలు చేయంగా మిగిలిందే దానికి.
కాయ లేదు గానీ నీడ పడింది.
నైట్ షిఫ్టు దిగి ఆ మనిషి
బండ మింద చెయ్యి పరిచి నిద్రపోతాంటే
ఆకుల సందుల ఎండ
ముఖం మింద చిల్లరలాగ రాల్తాండె.

దసరా పోయినంక ఓబుళేసు కత్తెరతో వచ్చినాడు.
ఒక్క గంట.
వాకిట్లో తట్టల కొద్దీ పచ్చ,
కూసాల మింద నాలుగు మొండి చేతులు.
"ఇంత నీడను కోసేస్తివి కదప్పా, నీ చేతులు పడిపోను!"
నేను అరస్తాంటే ఆయన బీడీ ముట్టించి
"ముదురు కొమ్మ కాయదమ్మా,
కొత్త చిగురుకే కాస్తాది" అని పాయ.

ఆ రాత్రి అన్నం తినలేదు.

తెల్లారి చూస్తే
కోసిన ప్రతి కొనలోనూ ఒక బొట్టు.
రాలినాది, మళ్ళీ ఊరినాది.
బిందె ముందర పెట్టినందుకు
జుట్లు పట్టుకునే ఊర్లో
ఇది ఇట్ల ధారపోస్తాండాదే అని
పరిగెత్తి స్టీలు గ్లాసు పట్టినా.

"ఏడుస్తాండాది పాపం" అన్య కుళ్ళాయమ్మ.
నాలిక మింద ఒక చుక్క ఏసుకున్నా.
ఉప్పు లేదు.
ఏడుపు కాదు.
మేము పోసిన గంజి, సబ్బు, మురికి
అదంతా యాడ వడగట్టిందో గానీ
వాన నీళ్ళకన్నా తేట.

దస్తగిరి గ్లాసును పొద్దుకెత్తి పట్టినాడు,
బండ కొనను వచ్చినోళ్ళు చూసినట్ల
అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి.
"గీత లేదు" అన్నాడు.
రూంత తాగి, మిగిలింది
జామ మొదట్లో పోసినాడు.

ఆ చీనీ గుంతలో సీతాఫలం పెడదామంటాడు ఆదివారం.
నిలబడప్పా, గుడ్ల మిందుంది,
కోడి లేవనీ అన్నా.