ఖాళీ అర

కొత్తపేట ల్యాబులో నా బీరువాకి పదహారు అరలు.
రొమ్ముది రెండు అరలు నిండి మూడో దాంట్లోకి పొర్లింది.
గర్భసంచి, పేగు, గొంతు.
దవడకి అర చాలక అట్టపెట్టె కట్టాను,
గుట్కా పుణ్యమా అని.

మైనపు దిమ్మల్లో మనుషుల ముక్కలు,
చింతగింజంతవి, కందిబద్దంతవి.
అట్టడుగున, బల్లి గుడ్లు పెట్టే మూల
"గుండె" అని నా చేత్తో రాసిన చీటీ ఉంది.
ఆ అరలో నా టీ గ్లాసు, అల్లం ముక్క,
కరెంటు బిల్లులు.

మొన్న నాగుల్ మీరా అడిగాడు.
మిర్చి యార్డులో హమాలీ,
ఇరవై ఏడేళ్లుగా టిక్కీలు మోస్తున్నవాడు.
భార్య రిపోర్టు కోసం వచ్చి
తన చొక్కా ఘాటుకి నేను తుమ్ముతుంటే
సిగ్గుపడి గుమ్మం బయటే నిలబడ్డాడు.
"అమ్మా, ఇది ఒంట్లో ఎక్కడైనా పుడుద్దంట గదా,
గుండెలో పుట్టిందని ఎవురూ చెప్పరేంది?"

ముప్పై ఏళ్ల సర్వీసులో
ఈ మాట నన్నెవరూ అడగలేదు.

తెలిసినంత చెప్పాను.
చర్మం రాలుతుంది, మొలుస్తుంది.
పేగు లోపలి పొర వారం తిరక్కుండా
పాతది విడిచి కొత్తది కడుతుంది.
మొలవాలంటే నకలు రాయాలి,
రాసీ రాసీ ఎక్కడో ఒక అక్షరం తప్పుతుంది,
ఆ తప్పు ఆగమంటే ఆగదు,
తనలాంటివే రాసుకుంటూ పోతుంది.
గుండె కండ నకళ్లు రాయదు.
ముసలివాడి గుండెలో కూడా
సగానికి పైగా పుట్టినప్పటి కణాలే,
సెలవు పెట్టకుండా డ్యూటీలో ఉంటాయి.

"అంటే, దానికి పిల్లలు లేరు."
"లేనట్టే."
"తీరికలేకనా?"

నవ్వబోయి ఆగాను.
ఎలుకల్లో ఎవరో చూశారని మా డాక్టరమ్మ అంది:
బరువు దించేసిన గుండెలో కణితి పెరిగిందట,
రక్తం తోస్తూనే ఉన్న గుండెలో
అంతగా పెరగలేకపోయిందట.
ఇంకా తేలాల్సింది చాలా ఉందట.

"బరువు మీదుండగా ఇంకేం పెరుగుద్దిలే"
అన్నాడు మీరా, భుజం రుద్దుకుంటూ.
అక్కడ కాయ కాచి ఉంది, నిమ్మకాయంత.
నా బల్ల మీదికి రానక్కర్లేని గడ్డ.

అసలే రాలేదని కాదు.
ఒకసారి వచ్చింది, సత్తెనపల్లి పిల్లది,
ఇరవై రెండేళ్లు.
సీసాలో తాటిముంజలా వణుకుతూ ఉంది.
ఎడమ గదిలో తలుపుకి అడ్డంగా వేలాడిందట.
కోసి, రంగు పట్టించి, అద్దం కింద పెడితే
చెడ్డది కాదు పాపం,
దారి తప్పి అక్కడ కూర్చుంది.
ఆ దిమ్మని హైదరాబాదు తెప్పించుకున్నారు,
తిరిగి రాలేదు.
ఊపిరితిత్తి నుంచి పాకి వచ్చేవి వేరు,
అవి చుట్టాలు, ఆ ఇంట పుట్టినవి కావు.

మీరాకి చెప్పనిది ఒకటుంది.
మా అన్న శౌరయ్య, ఆర్టీసీ కండక్టరు,
నల్లపాడు దాటాక టికెట్లు కొడుతూ కొడుతూ
సీట్ల మధ్య కూలిపోయాడు.
చూడొద్దని వాళ్లన్నారు, నేను చూశాను.
గుండె మీద ఒక పక్క తెల్లటి మచ్చ,
గంజి ఎండినట్టు.
ఎప్పటిదో పాతది, ఎవరికీ చెప్పలేదు వాడు,
గ్యాసనుకుని సోడా తాగి ఉంటాడు.
అంతమేర చచ్చిన కండ
మళ్లీ మొలవలేదు.
నకలు రాయనివాడికి తప్పు పడదు, నిజమే.
చిరిగిన కాగితానికి
బదులు కాగితమూ లేదు.

రిపోర్టు మడిచి కవర్లో పెట్టి ఇచ్చాను.
చదవడం రాదతనికి,
కాసేపు నా మొహం చదివాడు.
"డాక్టరమ్మ మాట్టాడుద్ది" అన్నాను.
"సరే" అన్నాడు. "రేత్రికి లారీ లోడుంది,
రేపు పొద్దున తీసుకొస్తా జానీబీని."

మెట్లు దిగుతుంటే చూశాను.
ఎడం భుజం కిందికి వంచి,
మెడ పక్కకి తిప్పి దిగుతున్నాడు,
మీద మూటేమీ లేకపోయినా.